ఉదయగిరిలో టోన్ రాని సాయంత్రాలు

నిన్న నువ్వు మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే అడిగిన మొదటి మాట గుర్తుందా? "ఏందక్కా, మధ్యాహ్నం నుంచి చేస్తానే ఉండా, మీ ఫోను పలకనే పలకదు. డెడ్డయిందా?" అని. ఏమోనమ్మా, లైను బాగాలేదేమో అన్నాను. తర్వాత మజ్జిగ తాగుతూ నీ కష్టం చెప్పావు. మర్రిపాడులో ఎవరింట్లోనో ఇంటర్నెట్ నువ్వు ఉన్నంతసేపూ బాగానే వస్తుందనీ, నువ్వు బస్సెక్కగానే పోతుందనీ, సార్ ముందు తలెత్తుకోలేకపోతున్నాననీ. అప్పటికప్పుడు నీకు ఏమీ చెప్పలేకపోయాను. పాప లేచి ఏడ్చింది. నీకూ బస్సుకి వేళయింది.

అందుకే ఇది రాస్తున్నాను. నీకూ, నీ తర్వాత సార్ కంప్యూటర్ షాపులో ఆ కుర్చీలో కూర్చోబోయే వాళ్ళకూ. పాపకి ఇప్పుడు మూడో నెల. పడుకుంది. నాలుగు వాక్యాలు రాయడం, లేచి వెళ్ళి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి తగులుతోందో లేదో చూసి రావడం, మళ్ళీ రాయడం. మా ఆయన నవ్వుతాడు. నవ్వితే నవ్వనీ. ఎక్కడైనా మాటకీ మాటకీ అతుకు కనిపిస్తే కారణం అదే అనుకో.

ఆత్మకూరుకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చేస్తోందని అందరూ అంటున్నారు. అది వస్తే, ఫోను లైనులోంచి నెట్ తెచ్చే మోడెం కీచుమని అరవడం, మనం దాని ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం ఉండకపోవచ్చు. కానీ నేను చెప్పబోయేది మోడెం గురించి కొంతే.

నేను నెల్లూరులో డిగ్రీ, కంప్యూటర్స్‌తో, పూర్తి చేసి వచ్చాక సార్ నన్ను షాపులో పెట్టుకున్నారు. అమ్మిన కంప్యూటర్లకి వచ్చే రిపేర్లు చూడటం నా పని. అందులో ఎక్కువ భాగం "నెట్ రావడంలే" అనే ఫిర్యాదే. మొదటి వారమే సార్ నాకు హైపర్ టెర్మినల్ చూపించారు. నీకూ చూపించే ఉంటారు. బొమ్మలూ బటన్లూ లేని తెల్లటి కిటికీ. అందులో ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కితే కింద ఓకే అని వస్తుంది. ఉన్నావా అంటే ఉన్నాను అని మోడెం పలకడం అన్నమాట. నెట్ రాకపోతే ముందు ఆ కిటికీలోకి వెళ్ళి, మోడెంతో నేరుగా మాట్లాడి, తప్పు దానిదా, విండోస్‌దా, ఫోన్ లైనుదా తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడంలో సార్‌కి ఒక పద్ధతి ఉంది.

"ఒకసారికి ఒకటే మార్చు మా. మార్చి చూడు. కుదరకపోతే దాన్ని వెనక్కి పెట్టి ఇంకోటి మార్చు. రెండూ ఒకేసారి మార్చినావంటే జబ్బు నయమైనా ఏ మందుకి నయమైందో నీకు తెలీదు."

ఎన్నిసార్లు విన్నానో. నీకూ ఈపాటికి విసుగు పుట్టే ఉంటుంది.

ఉదయగిరిలో ఒక పత్రికకి చిన్న ఆఫీసు ఉండేది. ఆఫీసంటే ఒక ఇంటి ముందుగది. బల్ల, కంప్యూటర్, మోడెం, ఫోను, గోడకి పాత పేపర్ల కట్టలు. దుత్తలూరు నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ విలేకరులు కాగితాల మీద రాసిన వార్తల్ని బస్సు కండక్టర్ల చేతికిచ్చి పంపేవాళ్ళు. వాటిని ఒక అక్క కూర్చుని టైపు చేసేది. మా షాపులో అందరం ఆమెని ఆపరేటర్ అక్క అనేవాళ్ళం. సాయంత్రం టైపింగ్ అంతా అయ్యాక నెల్లూరు ఆఫీసుకి డయల్ చేసి, ఆ తెల్లటి కిటికీలోంచే వార్తల ఫైళ్ళు పంపాలి. అవి ఆరింటిలోగా అందితేనే తెల్లారి పేపర్లో ఉదయగిరి వార్తలు ఉంటాయి. లేకపోతే ఆ చోట వేరే ఊరి వార్తలు వేస్తారు.

ఆపరేటర్ అక్క భర్త లారీ డ్రైవరు. బద్వేలు మీదుగా ఎటు లోడు దొరికితే అటు. వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. బడికెళ్ళే కూతురు ఉంది. ఇంటికి రెండు వీధుల అవతల, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. కూతురు బడి నుంచి నేరుగా ఆఫీసుకే వచ్చి అక్కడే అన్నం తిని హోంవర్కు చేసుకునేది. అలాంటి ఉద్యోగం ఉదయగిరిలో ఆమెకి ఇంకోటి దొరకదు. ఆ మాట ఆమే అనేది.

వార్తలు వరసగా అందకపోవడం మొదలయ్యాక నెల్లూరు నుంచి మాట వచ్చింది. ఇలాగే ఉంటే ఉదయగిరిలో ఆఫీసు ఎత్తేసి కంప్యూటర్ని ఆత్మకూరు మారుస్తాం అని. ఆత్మకూరుకి రోజూ బస్సులో వచ్చి, వార్తలు పంపి, చీకటి పడ్డాక తిరిగి వెళ్ళడం ఆమె వల్ల కాదు. అంటే ఆ మాటకి అర్థం ఉద్యోగం పోతుందనే.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు అక్క నన్ను చూసిన చూపు డాక్టర్ని చూసినట్టుంది. "వచ్చినావా మే! కూచో కూచో. ఇది ఏందో టోన్ లేదంటాది. నేను రిసీవర్ ఎత్తితే నా చెవికి బ్రహ్మాండంగా వినిపిస్తుండాది. దీనికి చెవుడా?"

నిజానికి చెవుడే. కిటికీలో ప్రతిసారీ నో డయల్‌టోన్ అని వస్తోంది. ఎక్స్చేంజిలో ఏదో కొత్త సామాను పెట్టారట, అప్పటి నుంచి టోన్ వినిపించే తీరు మారింది. మన చెవికి తేడా తెలియదు కానీ మోడెం దాన్ని టోన్ అని ఒప్పుకోవడం లేదు. దీనికి మందు నాకు తెలుసు. ఎక్స్ త్రీ అని ఒక ఆదేశం కలిపితే, టోన్ ఉందో లేదో చూడకుండా గమ్మున డయల్ చెయ్యి అని మోడెంకి చెప్పినట్టు.

అది కలిపి ఊరుకుని ఉంటే నీకు రాయడానికి ఈ కథే లేదు. బయట ఆత్మకూరు బస్సు వచ్చి ఆగింది. అది పోతే మళ్ళీ ఎప్పటికో. అంతకు ముందు వారం మర్రిపాడులో ఒకచోట డయల్ చేసే పద్ధతి మార్చితే పని చేసింది. టీ తీసేసి పీ పెట్టాను అక్కడ. టీ అంటే నంబర్లు కూతలుగా వెళ్ళడం. పీ అంటే పాత చక్రం ఫోన్లలో లాగా లైనుని టకటకమని తెంపుతూ వెళ్ళడం. బస్సు హారన్ వింటూ, రెండూ పెట్టేస్తే పీడా పోతుందని ఎక్స్ త్రీ, పీ రెండూ ఒకే వరసలో కొట్టేశాను.

టక టక టక మని డయల్ అయింది. కీచుమంది. కనెక్ట్ అని వచ్చింది.

"అబ్బ! నువ్వు సల్లగుండాలి" అంది అక్క. కూతురు చప్పట్లు కొట్టింది. నేను పరిగెత్తి బస్సెక్కాను. కిటికీ పక్క సీట్లో కూర్చుని, వెనక్కి పోతున్న దుర్గం కొండని చూస్తూ, నాకంటే తెలివైన మనిషి ఈ జిల్లాలో లేదనుకున్నాను. ఆ సంతోషం రెండు రోజులు కూడా నిలవలేదు.

మూడో రోజు పొద్దున షాపుకి అక్క ఫోను. "ఏంది మే, నిన్న సాయంత్రం అసలు టోనే లేదు. ఈతూరి నా చెవికి కూడా లేదు. పూర్తిగా సచ్చిపొయ్యింది."

"మరి ఇప్పుడు ఎక్కడ నుంచి మాట్లాడుతున్నారక్కా?"

"ఈ ఫోన్లోనే! అదే కదా ఇచిత్రం. నిన్న పొద్దున బాగుండింది. మధ్యాహ్నం దాటినాక పొయ్యింది. దీపాలు పెట్టేయాలకి వచ్చింది."

లైన్‌మన్ వచ్చాడు. అతను వచ్చేది పొద్దునే. స్తంభం ఎక్కి, దిగి, ఇంటివాళ్ళదీ ఆఫీసుదీ రెండు ఫోన్లూ ఎత్తి విని, "లైను బంగారం. మీ కంప్యూటర్లోనే ఏదో ఉండాది" అని వెళ్ళిపోయాడు. నేను వెళ్ళాను. నేనూ పొద్దునే. కనెక్ట్ అయింది. అయినా ఊరికే రాలేక మోడెం మార్చాను. ఇంకోసారి వెళ్ళి వైరు మార్చాను. మూడోసారి విండోస్ మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించాను. నేను బస్సెక్కేదాకా అంతా బాగుండేది. సాయంత్రం అక్క వార్తల ఫ్లాపీ చేతిలో పట్టుకుని, కూతుర్ని పక్కింట్లో వదిలి, ఆత్మకూరు షాపుకి వచ్చేది. అక్కడి నుంచి మేమే నెల్లూరుకి పంపేవాళ్ళం. చాలాసార్లు ఆరు దాటిపోయేది.

"నువ్వు పోతే తగ్గతాది, నువ్వు వచ్చేస్తే వస్తాది. ఇదేం జబ్బు మా?" అన్నారు సార్. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ బాధేసింది.

ఇంకో సంగతి. అంతకు ముందు నో డయల్‌టోన్ అని వచ్చే చోట ఇప్పుడు నో క్యారియర్ అని వస్తోందని అక్క చెప్పింది. అంటే డయల్ వెళ్ళింది, అవతల ఎవరూ అందుకోలేదు అని నేను అర్థం చేసుకున్నాను. నెల్లూరు వైపు తప్పేమో అని వాళ్ళకి ఫోన్ చేసి వాదించాను కూడా. టోన్ సంగతి పట్టించుకోవద్దని మోడెం నోరు మూయించింది నేనే కదా, ఇక అది టోన్ లేదని నాకు ఎలా చెబుతుంది? ఆ మాట నా బుర్రకి తట్టలేదు.

ఆ ఫోన్ లైను ఇంటివాళ్ళది. ముందుగదిని అద్దెకి ఇచ్చినప్పుడే లైను కూడా వాడుకోమన్నారు. లోపల వాళ్ళ ఫోను ఉంది, బయట ఆఫీసులో ఇంకోటి. ఒకే తీగకి రెండు ఫోన్లు. ఇంటామె రిటైరైన టీచరు. బాప్టిస్టు స్కూల్లో చాలా ఏళ్ళు పిల్లల్ని నిలబెట్టి నిశ్శబ్దంగా ఉంచిన మనిషి. గొంతు ఎత్తేది కాదు, చేయి ఎత్తేది. అందరూ టీచరమ్మ అనేవాళ్ళు. ఆమెని నేను రెండుసార్లు అడిగాను.

"టీచరమ్మా, మధ్యాహ్నం పూట లోపలి ఫోను ఎవరైనా వాడుతున్నారా?"

"ఎవురూ వాడరు తల్లీ. ప్రభువు సాక్షిగా చెప్తుండా. దాని జోలికే పోరు."

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. నేను ఆ దారి వదిలేశాను.

ఆఖరికి నెల్లూరు వాళ్ళు ఒక శనివారం గడువు పెట్టారు. ఆ శనివారం కూడా వేళకి అందకపోతే సోమవారం మనుషులు వచ్చి కంప్యూటర్ తీసుకుపోతారు. అక్క ఫోన్లో ఏడవలేదు. "నువ్వు చేసేది చేసినావు మే. ఇంక వదిలెయ్" అంది. ఏడ్చినా బాగుండేది.

ఆ శనివారం నేను మధ్యాహ్నం బస్సెక్కాను. జబ్బు వచ్చే వేళకి నేను అక్కడ ఉండాలి, వార్తలు వెళ్ళేదాకా బస్సు సంగతి తలచుకోకూడదు అని నిశ్చయించుకున్నాను. అంత చిన్న ఆలోచనకి నాకు అన్ని రోజులు పట్టింది. ఇప్పుడు నీకు చెప్పొచ్చు, అప్పుడు నాకు మూడో నెల. షాపులో ఎవరికీ చెప్పలేదు. చెబితే సార్ ఊళ్ళకి పంపడం మానేస్తారని భయం. ఎండ, బస్సులో బీడీ వాసన, రోడ్డు కుదుపులు. ఉదయగిరిలో దిగేసరికి కళ్ళ ముందు నల్ల చుక్కలు ఎగురుతున్నాయి. ఆఫీసు అరుగు దగ్గర వాంతి చేసుకుని అక్కడే కూర్చుండిపోయాను.

అక్క గాభరాగా లోపలికి వెళ్ళి టీచరమ్మని పిలుచుకొచ్చింది. ఆమె నన్ను ఒక్కసారి కింది నుంచి పైకి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఎన్నో నెల?"

"మూడు."

"మూడో నెలలో ఈ ఎండలో బస్సులెక్కి తిరగతుండావా! మీ సారుకి బుద్ధుండాదా?"

"సార్‌కి తెలీదు టీచరమ్మా."

"మీ అమ్మకి?"

"తెలుసు."

"మరి ఆయమ్మకి బుద్ధుండాదా?" అని నా రెక్క పట్టుకుని లేపింది. "రా. లోపల కాసేపు పడుకుందువు. సప్పుడు చెయ్యబాక. బిడ్డ పడుకోనుండాది."

ఆ ఇంట్లో పసిబిడ్డ ఉందని నాకు అప్పుడే తెలిసింది. టీచరమ్మ కూతురు కాన్పుకి వచ్చి, బిడ్డతో అక్కడే ఉంది. నెలలు నిండకముందే పుట్టిన పిల్ల, బరువు తక్కువ. రాత్రంతా ఏడుస్తుంది. మధ్యాహ్నం అన్నాల తర్వాత పడుకుంటే సాయంత్రం దీపాలు పెట్టే వేళకి లేస్తుంది. ఆ కాసేపే బాలింతకి నిద్ర. ఆ కాసేపు ఆ ఇంట్లో కుక్కర్ పెట్టరు. గేటు గొళ్ళెం తీయరు, గోడ దాటి వస్తారు. నేను అన్నిసార్లు వెళ్ళినా ఆ ఇంట్లో బిడ్డ ఉన్న జాడే తెలియలేదంటే టీచరమ్మ క్రమశిక్షణ ఏ పాటిదో చూడు.

గది చీకటిగా, చల్లగా ఉంది. దూలానికి కట్టిన చీర ఉయ్యాల్లో బిడ్డ. కింద చాప మీద నా ఈడు అమ్మాయి, తలకి గుడ్డ కట్టుకుని, ఉయ్యాల తాడు కాలి వేలికి చుట్టుకుని పడుకుని ఉంది. నన్ను చూసి లేచి, మాట్లాడకుండా మంచం చూపించింది. పడుకుని తలగడ మీద తల పెట్టాను. తల కింద ఏదో గట్టిగా తగిలింది. దాని లోంచి సన్నగా, దోమ పాడినట్టు, ఒక చప్పుడు.

తలగడ ఎత్తాను. కింద టెలిఫోన్ రిసీవర్. దాని వైరు గోడ పక్క స్టూలు మీద ఉన్న నల్లటి ఫోను దాకా పాకి ఉంది.

బయటి గదిలో అక్క మూడోసారో నాలుగోసారో డయల్ చేస్తూ ఉండి ఉంటుంది. నేను రిసీవర్‌ని చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయాను.

"పెట్టెయ్ అక్కా, తలగడ కిందే పెట్టెయ్" అని గుసగుసలాడింది ఆ అమ్మాయి. "అది బయటుంటే కుయ్యోమంటాది."

"ఎందుకు తీసి పెట్టారు?"

"ఫోను మీద పెడితే ఊరికే మోగతాది. ఎవురూ చెయ్యకుండానే. టింగు, టింగు, టింగు. సాయంత్రమైతే సాలు. ముందు ఎప్పుడూ ఇట్టా లేదు. ఆ టింగు ఇని బిడ్డ ఉలిక్కిపడి లేసి, రాత్రి దాకా ఏడస్తాది."

"ఎప్పటి నుంచి మోగుతోంది?"

ఆలోచించింది. "నువ్వు మొట్టమొదట వచ్చి పొయ్యినావే, ఆపరేటరక్క నువ్వు సల్లగుండాలనింది, ఆ పొద్దు నుంచి."

ఆ పొద్దే కదా డయల్ వరస మార్చాను. పీ పెట్టింది నేను. మోడెం లైనుని టకటకా తెంపుతుంటే, అదే తీగ మీద ఉన్న పాత ఫోను గంట ప్రతి తెంపుకీ టింగుమంటోంది. ఆ టింగుకి బిడ్డ లేస్తోంది. బిడ్డ లేస్తోందని తల్లి రిసీవర్ తీసి తలగడ కింద పెడుతోంది. రిసీవర్ ఎత్తి ఉంటే బయట ఫోనుకి టోన్ ఉండదు. నేను చేసిన వైద్యమే ఇల్లంతా తిరిగి రోగమై వచ్చింది.

"దీన్ని ఎత్తి పెడితే ముందుగదిలో ఫోన్ కూడా పోతుంది" అన్నాను.

తలుపు దగ్గరికి వచ్చిన టీచరమ్మ ఆశ్చర్యపోయింది. "అదెట్టా? లైను మాదే అయినా, ఫోన్లు రెండు గదా?"

"రెండింటికీ తీగ ఒకటే టీచరమ్మా."

ఆమె నోటి మీద చేయి పెట్టుకుంది. "అయ్యో ప్రభువా. ఎవురూ వాడటంలే అని నేను సాచ్చెం జెప్తినే."

ముందుగదిలోంచి అక్క తొంగి చూసింది. ఆమెకి రెండు ముక్కల్లో చెప్పాను. ఆమె గోడ గడియారం వైపు చూసింది. ఐదు దాటింది.

"ఫోను మీద పెట్టెయ్ మే రిసీవర్" అంది టీచరమ్మ కూతురితో. "ఈయమ్మ ఉద్యోగం పోతాది."

ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పెడతా మా. పెట్టనంటినా? రేత్రి నాలుగింటి దాకా మేలుకున్నా. ఇప్పుడే గదా పడుకునింది." అని ఉయ్యాల వైపు చూసింది. ఆ చూపు అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు. జాలి మాత్రమే పడ్డాను. ఇప్పుడైతే ఆమె పక్కన కూర్చుని నేనూ ఏడ్చేదాన్ని.

అప్పుడు సార్ మాట గుర్తొచ్చింది. నేను రెండు మందులు కలిపి ఇచ్చాను. నయం చేసింది ఏది? ఎక్స్ త్రీ ఒక్కటే చాలేమో. పీ అనవసరమేమో. టీ పెడితే నంబర్లు కూతలుగా వెళతాయి, గంట మోగదు. కానీ అది ఖాయమని చెప్పలేను. చూడాలంటే రిసీవర్ ఫోను మీద పెట్టాలి. ఒకవేళ పీ లేకుండా డయల్ కాకపోతే మళ్ళీ టింగు టింగే.

"ఒక్కసారి ప్రయత్నిస్తాను చెల్లీ. గంట మోగి పాప లేస్తే, తిరిగి పడుకునేదాకా నేనే ఎత్తుకుని తిప్పుతాను. బస్సు పోయినా సరే."

"నీకే తిరగతుండాది, నువ్వేం తిప్పతావు" అంది టీచరమ్మ. కానీ కూతురు తలూపింది.

గంట దగ్గర నేను ఉండాలి, కంప్యూటర్ దగ్గరా నేను ఉండాలి. ఆపరేటర్ అక్కకి ఆ తెల్లటి కిటికీ అంటే భయం. నేను రాసిచ్చిన వరసని బొట్టు కూడా మార్చకుండా కొట్టేది. "అక్కా, మీరే మార్చాలి. డయల్ వరసలో పీ ఉన్న చోట టీ పెట్టండి. ఎక్స్ త్రీ అలాగే ఉంచండి. దాని పక్కనే ఎమ్ జీరో కలపండి, మోడెం కూత కూడా బయటికి రాదు" అన్నాను.

"తప్పు కొడితే?"

"ఎర్రర్ అని వస్తుంది. మళ్ళీ కొట్టండి. అది కోప్పడదు."

"నువ్వు కోప్పడవు గదా?" అని వెళ్ళింది.

టీచరమ్మ రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడింది, ఇటూ అటూ కనిపించేలా. బాలింత రిసీవర్‌ని ఫోను మీద పెట్టింది. ఎంత మెల్లగా అంటే, నిద్రపోతున్న బిడ్డని పక్క మీద దించినట్టు. నేను రెండు చేతులతో ఫోను చుట్టూ పట్టుకున్నాను, గంట మోగితే కాస్తయినా ఆపాలని. నా చేతుల మీద ఆమె తన చేతులు వేసింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. టీచరమ్మ తరగతి మొదలుపెడుతున్నట్టు చేయి ఎత్తి దించింది. ముందుగదిలో ఎంటర్ నొక్కిన చప్పుడు వినిపించింది.

గంట మోగలేదు.

ఫోను లోపల ఎక్కడో చిన్న వణుకు ఏదైనా తగులుతుందేమోనని చూశాను. ఏమీ లేదు. గడియారం చప్పుడు, ఉయ్యాల తాడు దూలానికి రాసుకునే చప్పుడు, అంతే. కాసేపటికి గుమ్మంలో టీచరమ్మ తల తిప్పి ముందుగదిలోకి చూసి, మా వైపు తిరిగి, బొటనవేలు ఎత్తింది. కనెక్ట్ అయింది. తర్వాత ఫైళ్ళు ఒకటొకటే వెళుతున్నంతసేపూ ఎవరం కదల్లేదు. మధ్యలో బిడ్డ ఒకసారి మూలిగింది. తల్లి కాలి వేలితో తాడు లాగింది. మళ్ళీ సద్దుమణిగింది. ఆఖరి ఫైలు కూడా వెళ్ళాక అక్క లైను తెంపి, చెప్పుల్లేకుండా, మునివేళ్ళ మీద లోపలికి వచ్చింది. నా తల మీద చేయి పెట్టి నిలబడింది. ఆరుకి ఇంకా వ్యవధి ఉంది.

సరిగ్గా అప్పుడు మా నాలుగు చేతుల కింద ఫోను ట్రింగుమని ఇల్లు అదిరేలా మోగింది.

బిడ్డ ఎగిరిపడి కెవ్వుమంది. బాలింత రిసీవర్ లాక్కుంది. అవతల నెల్లూరు డెస్కులో పెద్దాయన. అంతకు ముందెప్పుడూ అలా ఫోన్ చేసిన మనిషి కాదు. అన్నాళ్ళ తర్వాత మొదటిసారి వేళకి అందేసరికి సంతోషం పట్టలేక చేశాడు.

"ఉదయగిరి అందిందమ్మా! మొత్తం అందింది!"

"అందితే అందినట్టు గమ్మునుండకూడదా సార్!" అంది టీచరమ్మ కూతురు, పూర్తి గొంతుతో. "పండబెట్టేదానికి మీరొస్తారా?"

అప్పుడాయన, "ఎవరమ్మా ఏడ్చేది?" అని అడిగాడట.

బిడ్డని నేను ఎత్తుకున్నాను, మాట ఇచ్చాను కాబట్టి. అంతకు ముందు అంత చిన్న బిడ్డని ఎత్తుకుని ఎరగను. మెడ కింద చేయి ఎలా పెట్టాలో టీచరమ్మ చూపించింది. బిడ్డ ఏడుస్తోంది, నాకు నవ్వొస్తోంది, అక్క ఏడుస్తూ నవ్వుతోంది. బస్సు పోయింది. ఆ రాత్రి అక్కడే సంగటి తిని, అక్కడే పడుకున్నాను. తెల్లారి మొదటి బస్సులో వచ్చిన పేపర్ కట్టని అక్కే విప్పింది. ఉదయగిరి వార్తలు వాటి చోట ఉన్నాయి. సోమవారం కంప్యూటర్ కోసం ఎవరూ రాలేదు.

సార్‌కి అంతా చెప్పాను, మూడో నెల సంగతితో సహా. "రెండు మార్చినావా?" అని ఒక్క మాట అడిగి, నన్ను ఊళ్ళకి పంపడం మానేశారు. ఆ నెలలోనే లోపలి ఫోను గంటని తగ్గించి రమ్మని లైన్‌మన్‌ని పురమాయించారు.

తర్వాతి సంగతి అక్క చెప్పింది. ఆ ఆదివారం సాయంత్రం ఫైళ్ళు వెళ్ళాక, ఆమె లైను తెంపబోతుంటే ఆ తెల్లటి కిటికీలో ఒక్కొక్క అక్షరమే కదులుతూ ఒక వరస వచ్చిందట, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "అందింది. పాప పడుకుందా?" అని. ఆ కిటికీలో అవతలి మనిషి కూడా టైపు చేయొచ్చని ఆమెకి అప్పటిదాకా తెలియదు. కాసేపు చూసి, "పడుకుంది. ఫోన్ చేయబాకండి" అని కొట్టిందట. ఇక అది రోజూ అలవాటైంది. వార్తలు వెళ్ళాక అదే ప్రశ్న, అదే జవాబు. టీచరమ్మ కూతురు బిడ్డని తీసుకుని అత్తగారింటికి వెళ్ళిపోయాక కూడా డెస్కు పెద్దాయన అడగడం మానలేదు. నేను కన్నాక అక్క ఆయనకి ఆ సంగతి కూడా టైపు చేసింది. ఇప్పుడు ఆయన "ఆత్మకూరు పాప పడుకుందా?" అని అడుగుతున్నాడట. పడుకోవడం లేదని చెప్పమన్నాను.

మర్రిపాడు వాళ్ళింటికి ఈసారి మధ్యాహ్నం వెళ్ళు. బస్సు వేళ అడగొద్దు. మంచినీళ్ళు కావాలని లోపలికి వెళ్ళు. ఫోను ఎవరైనా వాడుతున్నారా అని అడగకు, ఆ ఇంట్లో ఆ వేళ ఎవరు పడుకుంటారో చూడు. మార్చాల్సి వస్తే ఒకటే మార్చు. నీ జబ్బు వేరే అయి ఉండొచ్చు కూడా. నాకు తెలిసింది ఇంతే.

ఇంకొక్క మాట. మా లైనుకి ఏమీ కాలేదు, లైన్‌మన్‌కి చెప్పొద్దు. నిన్న నువ్వు గుమ్మంలో అడిగినప్పుడు నాకూ నిజంగా గుర్తు రాలేదు. ఇందాక పాప ఊపిరి చూసి వచ్చి తలగడ సర్దుకుంటుంటే చేతికి రిసీవర్ గట్టిగా తగిలింది. ఇప్పుడు కూడా అక్కడే ఉంది, సన్నగా కూస్తూ. తీసి ఫోను మీద పెట్టాలి. పెడతాను. పాప లేచాక పెడతాను. నువ్వు పొద్దున ఫోన్ చెయ్యి.